వెయ్యి సీసీయే కదా!

మొన్న రాత్రి భోజనాలయ్యాక మా బావగారు ఫోన్ చేశారు. మా మేనల్లుడు ఉద్యోగంలో చేరి ఏడాదైంది, లైసెన్స్ చేతికొచ్చి నాలుగు నెలలు. ఇప్పుడు కారు కొంటారట. డౌన్‌పేమెంట్ తండ్రిది, ఈఎంఐ కొడుకుది. మోడల్ ఖాయమైంది. రంగు దగ్గర మాత్రం మా అక్కకీ వాడికీ పడటం లేదు, అది వాళ్లే తేల్చుకుంటారు. బావగారి సందేహం ఇంజన్ గురించి. అదే కారు రెండు ఇంజన్లతో దొరుకుతుంది. ఒకటి 1.2 లీటర్ల మామూలు పెట్రోల్, ఇంకొకటి 1.0 లీటర్ టర్బో.

"వాడు టర్బో కావాలంటున్నాడు. నాకూ అదే నయమనిపిస్తోంది. వెయ్యి సీసీయే కదా! ఆ రెండోది పన్నెండొందలు. ఇంజన్ చిన్నదైతే కుర్రాడు మరీ దూకుడుగా పోలేడు. నువ్వేమంటావు?" అన్నారు.

ముప్పై ఏళ్లు బ్యాంకులో లోన్లు చూసిన మనిషి. కాగితం మీద అంకె కనబడితే దాని వెనకేముందో ఇట్టే పట్టేస్తారు. అలాంటాయన కూడా ఇక్కడ పొరబడ్డారంటే అది ఆయన తప్పు కాదు. చేతక్ స్కూటర్లు, మారుతి 800లు, అంబాసిడర్లు చూస్తూ పెరిగిన మన తరానికి సీసీ అంటేనే బలం. సీసీ పెరిగితే జోరు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. చాలాకాలం ఆ లెక్క నిజమే. పెట్రోల్ కార్లలోకి టర్బో వచ్చాక అది తలకిందులైంది.

హ్యుందాయ్ వెన్యూనే తీసుకోండి. 1.2 లీటర్ల మామూలు ఇంజన్ బలం 83 పీఎస్, 1.0 లీటర్ టర్బోది 120. చక్రాన్ని తిప్పే ఊపుని టార్క్ అంటారు. అది మామూలు ఇంజన్‌లో సుమారు 114 న్యూటన్ మీటర్లు, టర్బోలో 172. నిస్సాన్ మాగ్నైట్ చూస్తే సంగతి ఇంకా తేటతెల్లమవుతుంది. అందులో రెండు ఇంజన్లూ 999 సీసీయే. టర్బో లేనిది 72 పీఎస్, ఉన్నది 100. టార్క్ 96 నుంచి 160కి పెరిగింది. సీసీ ఒక్కటి కూడా పెరగలేదు. మారుతి ఫ్రాంక్స్‌లో తేడా కాస్త తక్కువ. 1.2 లీటర్లది 90 పీఎస్ అయితే 1.0 టర్బోది 100.

కాబట్టి బావగారు సురక్షితమనుకుని ఎంచిన చిన్న ఇంజనే ఆ రెండింటిలో జోరైనది.

ఇందులో పన్నుల మహిమ కూడా ఉంది. మన దేశంలో నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోల్ ఇంజన్ ఉంటే అది చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 18 శాతం, ఆ గీత దాటితే 40. రేట్లు మారినా ఆ గీత పాతదే, అందుకని కంపెనీలు సీసీ పెంచకుండా బలం పెంచే దారి పట్టాయి. ఇన్సూరెన్స్ లెక్క ఇంకా తమాషా. థర్డ్ పార్టీ ప్రీమియం సీసీని బట్టే కడతారు. 2022 జూన్‌లో ఖరారైన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్యయితే 3,416. అంటే 83 పీఎస్ కారు కొన్నవాడు ఎక్కువ కడతాడు, 120 పీఎస్ కారు కొన్నవాడు తక్కువ కడతాడు. సర్కారు రేట్ల పట్టికే ఇలా ఉంటే, మా బావగారిని అని ఏం లాభం?

ఇంతకీ టర్బో చేసే పని ఏమిటి? ఇంట్లో కట్టెల పొయ్యి చూసినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. నిప్పు నివురు కప్పి మందంగా ఉన్నప్పుడు మా అమ్మమ్మ ఊదుగొట్టం తీసుకునేది. కట్టెలు అవే, పొయ్యి అదే. గాలి ఎక్కువ అందగానే మంట లేచేది. మామూలు ఇంజన్ తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. టర్బో ఇంజన్‌కి ఊదుగొట్టం ఉంటుంది. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసనున్న ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. గాలి పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోల్ పెరుగుతుంది, బలం పెరుగుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయి. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుషీ దీనికి 1905లోనే పేటెంట్ పుచ్చుకున్నాడు. ఓడలూ రైలింజన్లూ విమానాలూ లారీలూ వాడుకున్నాక మన ఇంటి ముందు కారు దాకా వచ్చింది. ఇప్పుడు మనం కొనే డీజిల్ కార్లన్నిటికీ ఉంది. స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్లు గుర్తు చేసుకోండి. 1.3 లీటర్ల ఇంజన్, రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా కునుకు తీసేది. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి నెట్టినట్టు పరుగెత్తేది.

ఊదుగొట్టంతో ఇంకో సంగతి ఉంది. ఊదగానే మంట రాదు, ఒక్క క్షణం ఆగి వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల ఆ క్షణం ఆగలేక ఇంకా గట్టిగా ఊదుతుంది. అప్పుడు మంట భగ్గుమని కనుబొమలు కాలుతాయి. టర్బోలో ఆ ఆలస్యానికి టర్బో ల్యాగ్ అని పేరు. పాతికేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పటి కార్లలో అది బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

నా కనుబొమలు కూడా కాలాయి. నాలుగేళ్ల కిందట, పాతికేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉందనే ధీమాతో నేను టర్బో కారు కొన్నాను. మొదటి వారంలోనే మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి పైకి వస్తున్నాను. ర్యాంప్ నిటారుగా ఉంటుంది. సగంలో బండి బరువుగా మూలిగింది. పాత కారు అలవాటులో యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాను. ఏమీ లేదు. మళ్లీ తొక్కాను. ఆ రెండు తొక్కుళ్లకీ కలిపి ఒక్కసారే బదులొచ్చింది. పైన మలుపు దగ్గర స్తంభానికి బంపర్ గీసుకుంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి "అమ్మాయిగారు నేర్చుకుంటున్నారా సార్?" అన్నాడు. కారులో నేనొక్కణ్నే ఉన్నానని చూశాక మొహం తిప్పుకున్నాడు.

నాలుగు నెలల లైసెన్స్ ఉన్న పిల్లల సంగతి ఇక్కడే ఆలోచించాలి. డ్రైవింగ్ అంటే స్టీరింగ్ తిప్పడం కాదని మనకి తెలుసు. పాదం ఎంత నొక్కితే బండి ఎంత కదులుతుందో ఒంటికి తెలియాలి. ఆ లెక్క బుర్రలో కాదు, మడమలో కూర్చుంటుంది. కూర్చోవడానికి నెలలు పడుతుంది. మామూలు ఇంజన్‌లో ఆ లెక్క సూటిగా ఉంటుంది. ఇంత నొక్కితే ఇంత, ఇంకాస్త నొక్కితే ఇంకాస్త. టర్బోలో అదే నొక్కుడుకి 1300 ఆర్‌పీఎం దగ్గర ఒక ఫలితం, 2000 దగ్గర ఇంకో ఫలితం. అక్షరాలు దిద్దే పిల్లాడికి ఒకసారి ఇంకు రానట్టు ఆగి, మరోసారి బొట్టు కార్చే పెన్ను ఇచ్చినట్టు ఉంటుంది.

ఓవర్‌టేకింగ్ దగ్గర ఇది ప్రాణం మీదికి వస్తుంది. కిందటేడు మా అమ్మాయి నా కారు నడుపుతోంది, నేను పక్కన కూర్చున్నాను. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్. ముందు లారీ. నాలుగో గేరులో ఉంది, బండి చాలా నెమ్మదిగా పోతోంది, ఆర్‌పీఎం అడుగంటింది. ఎదురుగా ఖాళీ కనబడింది. అమ్మాయి ఇండికేటర్ వేసి కుడివైపు తీసి తొక్కింది. బండి కదల్లేదు. ఒకటి, రెండు అని నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. మూడో అంకె దగ్గర బండి ముందుకి ఉరికింది. అప్పటికి ఖాళీ సగం అయిపోయింది, మలుపు దగ్గర పడింది. ఆ ఉరుకు చూసి దాటేయగలననిపించి ఉంటుంది దానికి, ఒక్క క్షణం వెనకాడింది. ఆ తర్వాత బ్రేకు తొక్కి లారీ వెనక్కి వచ్చేసింది. మలుపులోంచి బస్సు వచ్చింది. టీ బంకు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

టీ తాగుతూ అదే అంది: "నీ పాత కారైతే అసలు బయటికే తీసేదాన్ని కాదు నాన్నా. దాని వల్ల కాదని తెలుసు కదా."

ఈ విషయంలో నేను చెప్పగలిగినదంతా ఆ మాటలోనే ఉంది. మామూలు ఇంజన్ తన వల్ల కాకపోతే ముందే కాదంటుంది. గేరు మార్చమని మూలుగుతుంది, గొంతు పెంచి అరుస్తుంది. టర్బో ముందు ఏమీ అనదు. తీరా మనం మధ్యలో ఉన్నాక మరీ గట్టిగా సరేనంటుంది. అనుభవం ఉన్నవాడు బయటికి తీయకముందే మూడో గేరులోకో రెండో గేరులోకో దించి, టర్బోని మేలుకొలిపి ఉంచుకుంటాడు. అప్పుడు అదే కారు ఓవర్‌టేకింగ్‌కి మామూలు దానికన్నా క్షేమం. ఎదురు లైన్‌లో ఉండే సమయం తగ్గుతుంది కాబట్టి. ఈ మాట మీ పిల్లలు మీకు చెబుతారు, అది నిజమే. కాకపోతే ఆ గేరు దించే తెలివి కారుతో పాటు షోరూంలో ఇవ్వరు.

రెండో ప్రమాదం చప్పుడు చేయకపోవడం. చిన్న మామూలు ఇంజన్‌ని 100 దాటించాలంటే అది రొద పెడుతుంది. ఆ రొద పక్కన కూర్చున్న అమ్మలాంటిది, గుర్తు చేస్తూనే ఉంటుంది. టర్బో కారు 100 దగ్గర కూడా ఇంట్లో ఫ్యాను తిరిగినంత నెమ్మదిగా ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. వేగంగా పోయే లైన్లలో గంటకి 120 దాకా పోనిస్తారు. అక్కడ మీటర్ చూడకుండా నడిపే కొత్త డ్రైవర్‌కి తాను ఎంతలో ఉన్నదీ తెలియదు. గంటకి 100 అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ఫోన్ మోగిందని ఒక్క సెకను పక్కకి చూస్తే ఆ 28 మీటర్లూ కళ్లు మూసుకుని నడిపినట్టే. ఇంకో లెక్క కూడా పిల్లలతో మీరే వేయించండి. వేగం 60 నుంచి 80 అయితే పెరిగింది మూడో వంతే అనిపిస్తుంది. ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లు కూడా కాదు, దాదాపు ఒకటీ ముప్పాతిక రెట్లు. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లు కాగితం మీద నిమిషంలో తేల్చేస్తారు. తామే తేల్చిన లెక్క మన మాటకన్నా ఎక్కువ నాటుకుంటుంది.

భయపెట్టాలని కాదు గానీ ఒక అంకె చెప్పకుండా ఉండలేను. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ప్రతి పది చావుల్లో ఏడింటికి అతివేగమే కారణమని రాశారు. అందులో టర్బో ఎంత, మామూలెంత అని ఎవరూ విడదీయలేదు. విడదీయక్కర్లేదు కూడా, వేగం ఏ ఇంజన్‌తో వచ్చినా వేగమే.

ఆస్ట్రేలియాలో మా దూరపు చుట్టాలున్నారు, సిడ్నీలో. అక్కడ కొత్తగా లైసెన్స్ పుచ్చుకున్నవాళ్లు కారుకి 'పీ' అక్షరం పలక తగిలించుకుని తిరగాలి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఒకప్పుడు అలాంటి పిల్లలు టర్బో పెట్రోల్ కార్లు నడపకూడదని నిషేధం పెట్టింది. తర్వాత కుటుంబాలు వాడుకునే చిన్న కార్లకి కూడా టర్బోలు రావడంతో ఆ నిషేధానికి అర్థం లేకుండా పోయింది. 2014 ఆగస్టు నుంచి లెక్క మార్చారు. టర్బో ఉందా లేదా అని కాదు, కారు బరువులో టన్నుకి 130 కిలోవాట్లు దాటిన బలం ఉందా అని చూస్తారు. ఆ కొలత పెడితే మనం ఇక్కడ బేరమాడే చిన్న టర్బో కార్లేవీ ఆ గీత దరిదాపులకి రావు. వాళ్ల రూలు ప్రకారం మా మేనల్లుడు ఆ టర్బో హాయిగా నడుపుకోవచ్చు. కాబట్టి టర్బో అనగానే దెయ్యమేదో ఇంటికొచ్చిందన్నట్టు బెంబేలెత్తకండి.

అయితే అక్కడి రూలు సగం చెప్పి ఆపకూడదు. 25 ఏళ్ల లోపు పిల్లలు ఆ 'పీ' పలక దాకా రావాలంటే ముందు 120 గంటలు పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని నడిపి, ప్రతి ప్రయాణాన్నీ నమోదు చేయాలి. అందులో 20 గంటలు రాత్రిపూట. మా చుట్టపాయన ఏడాది పాటు శని, ఆదివారాలు కూతురి పక్క సీట్లోనే గడిపానని చెప్పారు. మన దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చిన ముప్పై రోజులకి టెస్టుకి వెళ్లొచ్చు. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు పక్కన తమకో బ్రేకు పెట్టుకుని, తెల్లవారుజామున ఖాళీ రోడ్డులో, రోజుకి అరగంట చొప్పున నేర్పుతారు. అన్నీ కలిపినా మహా అయితే పదిహేను గంటలు. వర్షంలో నడపరు, రాత్రి నడపరు, లారీ వెనక నడపరు. మనకీ వాళ్లకీ ఉన్న తేడా టర్బోలో లేదు. ఆ మిగిలిన నూరు గంటల్లో ఉంది. ఆ గంటల్ని ప్రభుత్వం అడగదు, మనమే పెట్టాలి.

అందుకని నా సలహా ఇది. మొదటి రెండేళ్లు, లేదా మొదటి ఇరవై వేల కిలోమీటర్లు, టర్బో లేని కారు ఇవ్వండి. రెండేళ్ల తర్వాత అమ్మేయాలని కాదు, ఇంట్లో అలాంటి కారు ఉంటే కొత్తది కొనకుండా అదే ఇవ్వమని. మీ పాత కారుకి అప్పటికే రెండు గీతలున్నాయి, మూడోది పడితే ఎవరికీ నిద్ర పట్టకుండా పోదు. కొత్తదే కొనాల్సి వస్తే, మీ అబ్బాయి లేదా అమ్మాయి ఇప్పటికే మీ పక్కన కూర్చుని వేల కిలోమీటర్లు నడిపి ఉంటే, రాత్రీ వర్షం ఘాట్ అన్నీ చూసి ఉంటే, టర్బో కొనివ్వడంలో తప్పులేదు. ఐదుగురూ సామానూ ఏసీతో తరచూ తిరుమల ఘాట్ ఎక్కే కుటుంబమైతే టర్బో కావాలి కూడా. అలాంటి చోట 83 పీఎస్ కారు రెండో గేరులో ఏడుస్తూ ఎక్కుతుంది, వెనకున్నవాళ్లు హారన్లు కొడతారు, కంగారులో కొత్త డ్రైవర్ తప్పు చేస్తాడు. ఊళ్లోనే ఆఫీసుకీ ఇంటికీ తిరిగే కుర్రాడికి మాత్రం, ఎంత ముద్దొచ్చినా, ఇప్పుడప్పుడే వద్దు.

పద్దెనిమిది నిండని పిల్లాడి గురించి ఎవరైనా అడిగితే నా దగ్గర సలహా లేదు, చట్టమే ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నేరం చేస్తే బోనెక్కేది తండ్రి లేదా బండి యజమాని. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "మావాడు కాలనీలోనే కదా తిప్పేది" అనే మాటకి ఆ సెక్షన్‌లో చోటు లేదు.

ఇక డబ్బు సంగతి. టర్బో ఇంజన్ చాలా మోడళ్లలో పై వేరియంట్లకే ఇస్తారు, కాబట్టి ఆన్‌రోడ్ ధర బాగా పెరుగుతుంది. ఆ తేడా డబ్బు చేతిలో ఉందనుకుంటే, మామూలు ఇంజన్‌లోనే ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఉన్న వేరియంట్ ఉందేమో ముందు చూడండి. ఈఎస్‌సీ అంటే బండి మలుపులో జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలోకి లాగే ఏర్పాటు. కొత్త చేతికి ఇంతకన్నా మంచి తోడు లేదు. టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలో సేల్స్‌మన్ తానే చెబుతాడు, ఈఎస్‌సీ సంగతి మనం అడిగితేనే చెబుతాడు. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశంలోనే కార్లని గుద్ది చూసి నక్షత్రాలు ఇస్తున్నారు. మీరనుకునే మోడల్‌కి ఎన్ని వచ్చాయో అడగండి. సన్‌రూఫ్ గురించి నేనేమీ అనను. మన మే నెల ఎండే చెబుతుంది.

మైలేజీ గురించి ఎక్కువ బాధ పడక్కర్లేదు. కంపెనీలు చెప్పే అంకెలు రెండింటికీ దగ్గరగానే ఉంటాయి. నిదానంగా నడిపితే టర్బో పర్వాలేదు. తొక్కితే తాగేస్తుంది. ఇరవై రెండేళ్ల వాడు ఏది చేస్తాడో మీకు తెలుసు.

టెస్ట్ డ్రైవ్‌కి మీరూ వెళ్లండి. షోరూం చుట్టూ ఒక చక్కర్ కొట్టి వచ్చేయకండి. రెండు ఇంజన్లూ నడపాలని అడగండి. ఖాళీ రోడ్డులో, వెనక ఎవరూ లేనప్పుడు, మూడో గేరులో గంటకి 25 దగ్గర ఉంచి నెమ్మదిగా తొక్కమనండి. బదులు ఎంతసేపటికి వచ్చిందో, వచ్చినప్పుడు ఎంత గట్టిగా వచ్చిందో పిల్లవాడినే చెప్పమనండి. మీరేమీ అనకండి. అలా అడిగితే చాలామంది పిల్లలు నిజాయితీగానే చెబుతారు. వద్దు అని మనం కొట్టిపారేస్తే మాత్రం వాళ్ల పంతం ఇంజన్ కన్నా బలంగా లాగుతుంది.

టర్బో కొన్నారే అనుకోండి, రెండు మూడు సంగతులు ఇంట్లో తేల్చుకోవాలి. మొదటిది రీమ్యాప్. టర్బో ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి ఇంకో ఇరవై, ముప్పై గుర్రాల బలం తెప్పించే దుకాణాలు నగరాల్లో ఉన్నాయి. మామూలు ఇంజన్‌లో అలా చేస్తే పెద్దగా ఒరిగేది లేదు గనుక ఎవరూ చేయించరు. టర్బోలో సులువు. చేయిస్తే వారంటీ పోతుంది, యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి కంపెనీ కొర్రీ పెడుతుంది. కారు పేపర్లు మీ పేరు మీదుంటే ఈ సంగతి ముందే మాట్లాడండి, తర్వాత కాదు. రెండోది ఆయిల్. టర్బో చక్రాల ఇరుసు ఇంజన్ ఆయిల్ మీదే బతుకుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్, చెప్పిన గడువుకి మార్చాల్సిందే. "ఇంకో రెండు వేలు తిప్పుదాం" అన్న మన అలవాటు మామూలు ఇంజన్ భరిస్తుంది, టర్బో భరించదు. పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే రేజ్ చేయకూడదు. హైవే మీద గంటలు నడిపి బండి నిలిపాక అర నిమిషం ఇంజన్ ఆడనిచ్చి ఆపాలి. సెకండ్‌హ్యాండ్ టర్బో కొనేటప్పుడు సర్వీస్ రికార్డు లేకపోతే, బేరం ఎంత బాగున్నా వదిలేయండి. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే రికార్డు కూడా అడగక్కర్లేదు.

మూడోది స్నేహితులు. ఒక్కడే ఉన్నప్పుడు బుద్ధిగా నడిపే కుర్రాడు వెనక సీట్లో ముగ్గురు ఎక్కి, "ఏరా, ఇంతేనా దీని పికప్?" అనగానే మారిపోతాడు. మన కాలంలో రాజ్‌దూత్ మీద ముగ్గురం ఎక్కి చేసిన పనులు గుర్తు చేసుకుంటే వాడిని తిట్టబుద్ధి కాదు. మొదటి ఆరు నెలలు రాత్రి పది దాటాక ఫుల్ లోడుతో హైవే ఎక్కకూడదని ఒప్పందం చేసుకోండి. రూలు అనకండి, ఒప్పందం అనండి. బదులుగా మీరూ ఒక మాట ఇవ్వండి. ఎంత రాత్రయినా, ఏ కారణానికైనా ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వచ్చి తీసుకెళ్తానని.

మధ్యలో ఒక మాట. "ఈ గొడవంతా ఎందుకు, ఎలక్ట్రిక్ కొనేద్దాం, చప్పుడు కూడా ఉండదు, బుద్ధిగా ఉంటుంది" అని మొన్న పెళ్లిలో ఒకావిడ అన్నారు. ఎలక్ట్రిక్ మోటారుకి ల్యాగ్ లేని మాట నిజమే. ఉన్న టార్క్ అంతా మొదటి అంగుళం నుంచే ఇస్తుంది. సిగ్నల్ దగ్గర నుంచి టర్బో కార్లని వెనక్కి నెట్టేసే ఎలక్ట్రిక్ కార్లు మన రోడ్ల మీద బోలెడన్ని ఉన్నాయి. కొన్నా ఎకో మోడ్‌లో పెట్టి నేర్పండి.

ఇదంతా బావగారికి గంటన్నర చెప్పాను. అంతా విని, "అయితే ఇప్పుడు నేనేం చేయాలి?" అన్నారు. ఆయన పాత వ్యాగన్ఆర్ షెడ్డులోనే ఉంది, ఏడాదిగా ఎవరూ పెద్దగా తీయడం లేదు. బ్యాటరీ మార్పించి, టైర్లు చూపించి, రెండేళ్లు కుదరకపోయినా కనీసం ఆరు నెలలు వాడికి అదే ఇవ్వమన్నాను. ఆదివారాలు మీరు పక్కన కూర్చోండి, వానాకాలం ఒకటి దాటనివ్వండి, ఆ తర్వాత వాడేది అంటే అది కొందాం అన్నాను. కాసేపు ఆగి, "వాడిని ఒప్పించడం నీ పని" అన్నారు.

మర్నాడు మేనల్లుడికి ఫోన్ చేశాను. అరగంట వాదించాడు. 172 న్యూటన్ మీటర్లు ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తాయో నాకన్నా వాడికే బాగా తెలుసు. చివరికి, "సరే మామయ్యా, కానీ వ్యాగన్ఆర్‌కి మ్యూజిక్ సిస్టం మార్పించాలి" అన్నాడు. మార్పించారు. ఈ ఆదివారం తండ్రీకొడుకులు ఔటర్ మీదికి మొదటిసారి వెళ్తున్నారు. మీ ఇంట్లో కూడా కారు మాట నడుస్తుంటే, షోరూంకి వెళ్లే ముందు ఆదివారాలు ఎన్ని ఇవ్వగలరో లెక్క చూసుకోండి.